లాగడానికి ఒక తాడు

గడ్డపార దెబ్బకి గొలుసు మీద పేరుకున్న మంచు పెళ్ళలు పెళ్ళలుగా లేచి నాజర్ సింగ్ మొహాన కొట్టింది. ఆయన మొహం తిప్పుకోలేదు. చలికాలం వచ్చిందంటే పొద్దున్నే ఆరింటికి ఇదే పని, ముప్పై నాలుగేళ్ళుగా. కోతమిల్లు కదలకముందే దాని కీళ్ళు వదులు చెయ్యాలి. పొట్టి మనిషి, ఎద్దు మెడ. నెరిసిన గడ్డాన్ని వల కట్టి చొక్కాలోకి దోపుకుంటాడు. ఎడమచేతి చివరి రెండు వేళ్ళూ ఎప్పుడో రంపానికి ఇచ్చేశాడు. మిగిలిన మూడు వేళ్ళతో ఆయన గడ్డపార పట్టుకునే తీరు చూస్తే ఆ చేతిలో చెయ్యి పెట్టడానికి ఎవడికైనా జంకు పుడుతుంది.

కెనడాలోని ఆ ఫ్రేజర్ నది మీది గాలి రేకుల సందుల్లోంచి దూరి చెవులు కోస్తోంది. రంపాలు అరుపు అందుకున్నాయి. మానుల్ని చీల్చి పలకలుగా అవతలికి విసరడం మొదలుపెట్టాయి.

రెండేళ్ళ కిందటిదాకా, పలకల్ని మోసుకొచ్చే ఈ గొలుసుకి అటూ ఇటూ ముప్పైమంది నిలబడేవారు. సగానికి పైగా జలంధర్ చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళే. వచ్చే తడి పలకల్ని చేత్తో లాగి, కొలత చూసి, దొంతర్లు పేర్చేవారు. నలభై దాటేసరికి తలపాగా చుట్టుకోవడానికి చేతులు పైకి లేచేవి కావు; పెళ్ళాలే చుట్టిపెట్టేవారు. అందుకే పలకల్ని తనే చూసి, తనే కొలిచి, తనే గళ్ళలో పడేసే యంత్రం వచ్చిన రోజున నాజర్ సింగ్ అందరికన్నా గట్టిగా చప్పట్లు కొట్టాడు. ముప్పైమందిలో ఆరుగురే మిగిలారు, నిజమే. పోయినవాళ్ళలో సగంమంది టాక్సీలు తోలుకుంటూ, భుజాలు మిగిలాయని సంతోషించారు. పాడు చాకిరీ పోయిందంటే ఏడ్చేవాడెవడు?

ఆయన ఏడుపంతా తాడు గురించే. పాత లైను మీద ఈ చివరినుంచి ఆ చివరికి, ఎనిమిది స్తంభాల పైకొక్కేల నుంచి వేలాడుతూ ఒక తాడు ఉండేది. ఎక్కడ నిలబడ్డవాడైనా సరే, చెయ్యెత్తి లాగితే మొత్తం ఆగిపోయేది. సిగరెట్టు కోసం లాగిన వెధవలూ ఉన్నారు, లేకపోలేదు. కొత్త యంత్రానికి కళ్ళున్నాయి, పలక ఇరుక్కుంటే అదే చూసి అదే ఆగుతుంది, తాడెందుకు అన్నారు పైవాళ్ళు. కార్మికుల తరఫున రక్షణ కమిటీలో ఉన్నది నాజర్ సింగే. తాడు తీసెయ్యడానికి సంతకం పెట్టినవాడూ ఆయనే. తరవాత నెల తిరక్కుండానే ఆ సంతకం ఆయన గొంతులో ముల్లయి కూర్చుంది.

ఎందుకంటే ఇరుక్కున్న పలక తీసెయ్యగానే ఆ యంత్రం మళ్ళీ తనంతట తనే కదులుతుంది. తీసినవాడు బయటికి వచ్చాడా లేదా అన్నది దానికి అక్కర్లేదు.

ఏడున్నరకి ఒక పలక గొలుసులోంచి జారి, బాణంలా లేచి, ఇనుప కటకటాలకి కొట్టుకుని రెండుగా విరిగింది. అంతకు క్షణం ముందు నాజర్ సింగ్ తల ఆ చోటే ఉంది. ఆయన విరిగిన ముక్క పట్టుకుని నేరుగా ఫోర్‌మన్ రస్ గదికి వెళ్ళి బల్ల మీద పడేశాడు.

“తాడు సంగతి ఏం చేశావు రస్?”

“మళ్ళీ మొదలెట్టావా నాజ్. అంత పెద్ద యంత్రానికి తాడు కట్టమంటావేంటయ్యా. విమానానికి ముకుతాడు వేసినట్టుంటుంది. పైవాళ్ళు నవ్వుతారు.”

“నవ్వనీ. యంత్రం వద్దని నేనన్నానా? అది రాకపోతే నా భుజం ఈపాటికి ఊడి చేతికొచ్చేది. తాడు కావాలన్నాను, అంతే. పాత స్విచ్చి మొదటి స్తంభానికే ఉంది, కరెంటూ ఉంది. కొక్కేలు ఎనిమిదీ ఉన్నాయి. ఒక్క పూట పని.”

“తీసెయ్యమని సంతకం పెట్టింది నువ్వేగా.”

“పెట్టాను, గాడిదలా పెట్టాను. కట్టమని పెడతాను, కాగితం ఇటు తే.”

“చూద్దాంలే,” అన్నాడు రస్. ఆ మిల్లులో వద్దనడానికి అదొక మర్యాద.

పది గంటలకి టీ వేళ. కేహర్ సింగ్ గ్లాసు నోటిదగ్గర పెట్టుకున్నాడో లేదో, రంపం నడిపే టాడ్ తలుపు తన్నుకుంటూ వచ్చాడు. కేహర్‌ది లైను చివర, ఎనిమిదో స్తంభం దగ్గర. నాజర్ సింగ్‌తోపాటే ఒకే చలికాలంలో ఇక్కడ పనిలో చేరినవాడు. తాటిచెట్టంత మనిషి, ముక్కుమీద కోపం.

“నీ గొలుసు ఆగినప్పుడల్లా నా రంపం ఆగాలి. పొద్దున్నుంచి నాలుగుసార్లు. కాళ్ళు లాగితే ఇంట్లో కూర్చోరాదూ ముసలాయనా?” అన్నాడు టాడ్.

కేహర్ లేచాడు. వేడి టీ వాడి గుండెల మీదికి విసిరి, కాలరు పట్టుకుని గోడకేసి కొట్టాడు. బల్ల తిరగబడింది. రొట్టెలు, మామిడికాయ పచ్చడి నేలపాలయ్యాయి. మధ్యలో దూరిన నాజర్ సింగ్‌కి టాడ్ పిడికిలి మూతి మీద పడింది. ఆయన సింకులో నెత్తురు ఉమ్మి, చేత్తో తుడుచుకుని, “కొట్టావుగా. చల్లబడిందా? పో, మమ్మల్ని టీ తాగనీ,” అన్నాడు. మొదటి ఏడు ఇదే మిల్లు గేటు బయట తెల్ల కుర్రాళ్ళు సీసాలు విసిరితే తల పగలగొట్టుకున్న మనిషికి ఒక గుద్దు ఒక లెక్కా?

టాడ్ వెళ్ళిపోయాక కేహర్‌తో అన్నాడు. “ఒరే, పలక తియ్యడానికి దిగేముందు మెయిన్ కరెంటు ఆపి దానికి తాళం వెయ్యరా. నీ కాళ్ళు పట్టుకుంటాను.”

“తాళానికి ఆ మూలదాకా వెళ్ళి రావాలన్నా. ఈలోపు ఆ టాడ్‌గాడు మళ్ళీ నా మీదికొస్తాడు. మూడు మోతలు మోగిస్తాలే.”

మూడు మోతలు ఆ లైను మనుషుల పాత అలవాటు. గొలుసులోకి దిగేవాడు సుత్తితో స్తంభం మీద మూడుసార్లు కొట్టేవాడు. అది వింటే నడిపేవాడు మీట మీదినుంచి చెయ్యి తీసేసేవాడు. మళ్ళీ మూడు వినపడేదాకా ముట్టుకునేవాడు కాదు. ముప్పై ఏళ్ళలో ఒక్కసారి తప్పలేదు.

“ఎవరు వింటారురా?”

“గాజుగదిలో యంత్రం నడిపే లోరైన్ లేదూ? నా మోత పంజాబ్‌లో మా అత్తగారిక్కూడా వినపడుతుంది.”

మూతి మండుతున్నా నాజర్ సింగ్ నవ్వాడు. అలా నవ్వినందుకు తరవాత తనని తను తిట్టుకున్నాడు.

పది నలభైకి పలక ఇరుక్కుంది. గొలుసు ఆగింది. నాజర్ సింగ్ ఏడో స్తంభం దగ్గరున్నాడు. మూడు మోతలు ఆయనకి అరికాళ్ళలోంచి వినపడ్డాయి. తలెత్తేసరికి కేహర్ నడుం దాకా లోపల ఉన్నాడు. గాజుగదిలో లోరైన్ పలకల బొమ్మలు కనిపించే తెర చూస్తోంది. ఆ గది తలుపు మూస్తే పిడుగు పడ్డా వినపడదు. ఇక యంత్రం సంగతి సరేసరి, చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే.

“ఒరే కేహర్, బయటికి రా,” అని అరిచాడు నాజర్ సింగ్. కేహర్ పలకని ఊడలాగి అవతలికి విసిరాడు. దారి ఖాళీ అయిందని యంత్రం కన్ను చూసింది. గొలుసు కదిలింది.

కేహర్ కుడికాలు బూటుతో సహా పళ్ళచక్రం కిందికి పోయింది. వాడు పెట్టిన కేక రంపాల అరుపుని కూడా చీల్చుకుని వచ్చింది. నాజర్ సింగ్ చెయ్యి తనంతట తనే పైకి లేచి గాలిలో తాడు వెతుక్కుంది. లేదు. స్విచ్చి ఆరు స్తంభాల అవతల ఉంది. అంతదూరం పరిగెడితే మనిషి దక్కడు. ఆయన గడ్డపార తీసుకుని ఉరికి, చక్రం పళ్ళ మధ్య పొడిచి, ఒంటి బరువంతా వేసి నొక్కాడు. ఇనుము ఇనుముని కొరికింది. గొలుసు ఫట్టుమని తెగింది. గడ్డపార రెండో కొస ఎగిరి ఆయన పక్కటెముకల కింద గుద్ది గోడదాకా విసిరేసింది.

మిల్లు ఆగింది. నాజర్ సింగ్ లేచి, బెల్టు తీసి, కేహర్ మోకాలి కింద బిగించాడు. పాదం మిగల్లేదు. కేహర్ ఆయన భుజాన్ని పళ్ళతో కరిచి పట్టుకున్నాడు. అంబులెన్సులోకి ఎక్కించేదాకా వదల్లేదు.

“నీకేం కాలేదుగా నాజ్?” అన్నాడు రస్.

“గడ్డపార తగిలింది. అదే పోతుంది.”

మధ్యాహ్నానికి మిల్లు రక్షణాధికారి వచ్చి, ఫోటోలు తీసుకుని, కార్మికుడు తాళం వెయ్యలేదని రాసుకుపోయాడు. గొలుసు అతికించారు. మూడున్నరకి రెండో షిఫ్టు మొదలుపెట్టమన్నారు.

నాజర్ సింగ్ ఎవర్నీ అడగలేదు. స్టోరు నుంచి పసుప్పచ్చ నైలాను తాడు చుట్ట, ఒక నిచ్చెన మోసుకొచ్చాడు. ఒక కొస పాత స్విచ్చికి కట్టి, ఒక్కో స్తంభం దగ్గరా నిచ్చెన ఎక్కి తాడుని కొక్కెంలోంచి దూర్చి బిగించాడు. రెండో స్తంభం దగ్గర గాజుగదిలోంచి లోరైన్ వచ్చింది. ఏడ్చి ఏడ్చి కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

“నాకు వినపడలేదు నాజ్.”

“తెలుసమ్మా. ఆ గదిలో ఎవరికీ వినపడదు. నిచ్చెన పట్టుకో.”

ఆమె పట్టుకుంది. నాలుగో స్తంభం దగ్గరికి వచ్చేసరికి ఆయన పెదాలు తెల్లబడ్డాయి. ప్రతి మెట్టుకీ ఆగుతున్నాడు. హాస్పిటల్‌కి వెళదాం పద అంది లోరైన్. ఇంకెంత, నాలుగేగా, అన్నాడు. ఏడో స్తంభం దగ్గర తాడు దూర్చి కిందికి దిగి, “ఒకసారి లాగి చూడు,” అన్నాడు. ఆమె లాగింది. మొదటి స్తంభం దగ్గర స్విచ్చి టక్కుమంది. ఆయన తల ఊపాడు.

“కాస్త కూర్చుంటాను. తరవాత ఎనిమిదోది.”

పలకల దొంతర మీద కూర్చుని, గోడకి ఆనుకుని, తడిచెక్క వాసన పీల్చుకుంటున్నట్టు కళ్ళు మూసుకున్నాడు. లోరైన్ నీళ్ళు తెచ్చి రెండుసార్లు పిలిచింది. మూడోసారి పిలవకుండా గ్లాసు కింద పెట్టి, ఆయన మూడువేళ్ళ చెయ్యి పట్టుకుంది.

మొహం మీద దుప్పటి కప్పి ఆయన్ని తీసుకెళ్ళాక రస్ తన గదిలోకి వెళ్ళి వచ్చాడు. తరవాత, “పైనుంచి ఫోను. లైను మొదలుపెట్టాలి,” అన్నాడు. గొలుసు కదిలింది. లోరైన్ గాజుగదిలోకి వెళ్ళలేదు. చెయ్యెత్తి తాడు లాగింది. గొలుసు ఆగింది.

“ఏంటిది లోరైన్?”

“ఇంకో కొక్కెం ఉంది,” అంది ఆమె, తాడు వదలకుండా.

రెండో షిఫ్టు మనుషులు ఒక్కొక్కరే వచ్చి ఆమె వెనక నిలబడ్డారు. రస్ వాళ్ళని చూశాడు, తాడుని చూశాడు. ఆఖరికి తనే తాడు కొస అందుకుని, స్తంభం అంచులు పట్టుకుని ఎగబాకి, ఎనిమిదో కొక్కెంలో ముడి వేశాడు. ఏడో స్తంభం దగ్గర నిచ్చెనని ముట్టుకోవడానికి ఎవరికీ చేతులు రాలేదు. దాని పైమెట్టు మీద నాజర్ సింగ్ ఎడమచేతి గ్లౌజు ఉంది, చివరి రెండు వేళ్ళూ లోపలికి మడిచి కుట్టేసినది.