అరువు కోటు

కుల్యాష్ డ్యూటీకి వెళ్ళే రోజు ఆ ఇంట్లో అందరికంటే ముందు వేడెక్కేది టీ కాచే సమోవార్ కాదు, ఇస్త్రీపెట్టె. ఆమె మొగుడు ఎరెజెప్ వంటింటి బల్ల మీద పాత దుప్పటి పరిచి, దాని మీద ఆమె రైల్వే కోటు వేసి, నోటినిండా నీళ్ళు పట్టి ఫుర్రుమని ఊదేవాడు. ఇరవై రెండేళ్ళు పట్టాలు బిగించి, ఆఖరికి కాలు విరగ్గొట్టుకుని ఇంట్లో కూర్చున్న మనిషి. చేతిలో సుత్తి పోయి ఇస్త్రీపెట్టె వచ్చింది. కోటు చేతి మీద భుజం నుంచి మణికట్టు దాకా అతను దించే మడత మీద వేలు పెడితే తెగుతుందనేవాళ్ళు.

"పక్కలు దులిపి టీలు పోసేదానికి ఇంత సోకు అవసరమా?" అనేది కుల్యాష్ రొట్టె నములుతూ.

"పని నీది, మడత నాది. నీ పనిలో నేను వేలు పెట్టానా?"

ఆ కోటంటే ఆమెకి పెద్ద గౌరవం లేదు. ముదురు నీలం ఉన్ని కోటు, ఇత్తడి బొత్తాలు, రొమ్ము మీద ఓ బిళ్ళ. సాయంత్రం నాలుగూ పదికి మా సారికుదుక్ స్టేషన్లో ఆగి, సిబ్బందిని మార్చుకుని పోయే అల్మాటీ బండిలో ఏడో బోగీ అటెండెంట్ ఆమె. వీధిలో నడిచేటప్పుడు పైన ఇంకో పాత కోటు వేసుకుని దీన్ని దాచేది. ఎంత దాస్తే ఏం, అరవై ఇళ్ళ ఊళ్ళో ఎవరు ఏం పని చేస్తారో తెలియనిదెవరికి?

ఏప్రిల్లో దేశమంతా జబ్బు పాకి బళ్ళు ఆగిపోయాయన్న కబురు అందేసరికి కోటు ఇస్త్రీ అయిపోయి మేకుకు వేలాడుతోంది. రెండు రోజులు అలాగే వేలాడింది. మూడో రోజు నాలుగ్గంటలకి మేకు దిగి, బొత్తాలు పెట్టుకుని, గేటు తీసుకుని, నీళ్ళ ట్యాంకు పక్కనుంచి స్టేషనుకి నడిచింది. ఏడో బోగీ తలుపు ఆగేచోట, లోపల మనిషి లేని ఖాళీ చేతిలో చుట్టిన పసుపు జెండా పట్టుకుని నిలబడింది.

"మడత దించిన కోటు డ్యూటీకి పోకుండా ఎలా ఉంటుంది?" అన్నాడు ఎరెజెప్ టీ ఊదుకుంటూ.

మా ఊళ్ళో ఎవరూ ముక్కున వేలేసుకోలేదు. స్టేషన్ మాస్టరు మాత్రం నియమం నియమమే అని, తనకీ కోటుకీ మధ్య రెండు మీటర్ల దూరం కొలిచి సుద్దగీత గీశాడు. హాజరు పట్టీలో టిక్కు పెట్టాడు. గూడ్సు బళ్ళ డ్రైవర్లు దాన్ని చూసి కూత వేసిపోయేవాళ్ళు.

"ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి," అని కంచె మీంచి నవ్వింది బాల్‌జాన్. ఎనిమిదో బోగీ ఆవిడది. "నీకంటే నీ కోటే నయమే, కుల్యాష్. ఒక్క రోజూ ఆలస్యం కాలేదు."

జూలైలో ఎరెజెప్‌కి దగ్గు పట్టుకుంది. ఆరో రోజుకి ఊపిరి అందలేదు. జిల్లా ఆసుపత్రి తొంభై కిలోమీటర్లు. ఫోను చేస్తే మంచం ఖాళీ కాగానే చెబుతామన్నారు. పాపం, మాట ప్రకారమే చెప్పారు. అప్పటికి మంచంతో పని లేకపోయింది.

అతను పోయింది సాయంత్రం నాలుగు దాటాక. కుల్యాష్ చల్లబడుతున్న చెయ్యి పట్టుకుని తల తిప్పితే కిటికీలోంచి ప్లాట్‌ఫాం కనబడింది. కోటు నిటారుగా నిలబడి, రాని బండికి జెండా చూపిస్తోంది. చేతి మీద మడత ఎండకి మెరుస్తోంది. నా మొగుడికి ఊపిరి అందకపోతే నీకు డ్యూటీ కావాల్సొచ్చిందా అనుకుంది. ఇరవై ఏళ్ళు వేసుకున్న గుడ్డ మీద అంత అసహ్యం పుడుతుందని ఆమెకి అంతవరకూ తెలియదు.

మా దగ్గర మనిషి పోతే ఊరు ఊరంతా ఆ ఇంటికి ఏడుస్తూ వస్తుంది. వచ్చి, కౌగలించుకుని, మాట చెబుతుంది: మీద పడ్డ మట్టి పట్టులా మెత్తనవ్వాలి అని. ఆ ఏడు అది కుదరలేదు. ఏడుగురు మగవాళ్ళు మాస్కులతో మోసుకుపోయారు. శవానికి స్నానం చేయించిన బైజాక్ తాత ప్లాస్టిక్ సూటులో వచ్చి, ప్లాస్టిక్ సూటులోనే తిరిగి వెళ్ళాడు. కొందరు ఫోన్లో చెప్పారు. ఫోన్లో చెప్పింది ఓ మాటా? తర్వాత దారిలో కలిసినవాళ్ళు ఆలస్యమైన మాట చెప్పడానికి సిగ్గుపడి ఎండల గురించి మాట్లాడారు.

పోయినవాళ్ళ బట్టలు స్నానం చేయించినవాళ్ళకి చెందుతాయి. నలభయ్యో రోజున కుల్యాష్ ఎరెజెప్ చొక్కాలూ, చలికోటూ, బూట్లూ మూటగట్టి బైజాక్ తాత ఇంటి ముందు పెట్టి వచ్చింది. గంటలో తాత మూట చంకన పెట్టుకుని తిరిగొచ్చాడు. ఎనభై ఏళ్ళ మనిషి, ఆయాసపడుతున్నాడు.

"అమ్మాయ్, ఇందులో నీ రైలు కోటు కలిసింది. చూసుకోలేదేమో."

"చూసే పెట్టాను తాతా."

"తప్పు కదూ! బతికున్నదాని బట్ట చచ్చినవాడి మూటలో పెడతారా? పెడితే ఏమవుతుందో తెలుసా?"

"తెలుసు. ఆ మనిషి కూడా పోయినవాళ్ళ లెక్కే."

"మరి?"

"మరి లేదు, గిరి లేదు. లెక్క సరిపోయింది. తీసుకుపో."

తాత మూట కింద పెట్టాడు, మళ్ళీ ఎత్తాడు. ఇచ్చింది వద్దనడం మా దగ్గర ఇంకా పెద్ద తప్పు. చివరికి మూట తీసుకునే వెళ్ళిపోయాడు. మర్నాటి నుంచి కోటు ఆయన ఇంటి మేకు మీంచి డ్యూటీకి పోవడం మొదలుపెట్టింది. ఆయన ఇల్లు స్టేషనుకి దూరం, అందుకని పావుగంట ముందే బయల్దేరేది.

కుల్యాష్ ఇంట్లో ఉండిపోయింది. పొయ్యి వెలిగిస్తే వెలిగించేది, లేకపోతే లేదు. అక్టోబరులో బళ్ళు మళ్ళీ మొదలయ్యాయి. బండి కూత వినబడితే దుప్పటి తల మీదికి లాక్కునేది. ఏడో బోగీ ఎక్కింది కోటే. దుప్పట్లు పంచింది, టీ గ్లాసులు కడిగింది, టికెట్లు చూసింది. పై అధికారులకి హాజరు ఉంటే చాలు, లోపల మనిషి ఉందా లేదా అన్నది వాళ్ళ పట్టీలో లేదు.

బాల్‌జాన్ ఓ మధ్యాహ్నం గిన్నెలో మాంసం పులుసు పట్టుకుని వచ్చింది. వచ్చీ రాగానే కిటికీలు తెరిచింది.

"ఏమే, ఇలా కుళ్ళిపోతావా? అక్కడ నీ కోటు నీ పరువు నిలబెడుతుంటే!"

"నిలబెట్టనీ."

"దుప్పటి మూలలు నీకంటే బాగా మడుస్తుంది. తిండి అడగదు. నా మీద చాడీలు చెప్పదు." కాస్త ఆగి బల్ల మీది ముక్కలు చేత్తో ఊడ్చింది. "కానీ నోరూ వాయీ లేదు కదే దానికి. మొన్న ఒకావిడ ఎక్కింది, గళ్ళ శాలువా. వాళ్ళ నాన్న జూలైలో పోయాడట. రోడ్లు మూసేసి, మట్టి వేయడానికి కూడా పోలేకపోయింది. ఇప్పుడు పోతోంది. ఎక్కింది మొదలు ఒకటే ఏడుపు. నీ కోటు వెళ్ళి పక్కన కూర్చుంది. ఆవిడ భుజం మీద చెయ్యి వేసింది. ఉత్త గుడ్డే, లోపల ఏముంది? ఆవిడ దాన్ని పట్టుకుని, ఒక్క మాట చెప్పండమ్మా, ఏదో ఒకటి అని అడుగుతూనే ఉంది. నాకు చూడబుద్ధి కాలేదు."

"నువ్వు చెప్పకపోయావా?"

"చెబుదామనే వెళ్ళాను. గొంతులోంచి రాలేదే. నీకే చెప్పలేదు నేను, ఇంక ఆవిడకేం చెబుతాను?"

పులుసు చల్లారిపోయింది. బాల్‌జాన్ వెళ్ళిపోయాక కుల్యాష్ కిటికీలు మళ్ళీ మూసేసుకుంది.

నవంబరులో మూడు రోజులు వాన, మంచు కలిసి కురిశాయి. అల్మాటీ వెళ్ళొచ్చే దారిలో ప్రతి స్టేషన్లోనూ కోటు నియమం ప్రకారం తలుపు బయట నిలబడి తడిసింది. మర్నాడు పొద్దున బైజాక్ తాత దాన్ని చేతుల మీద వేసుకుని కుల్యాష్ గుమ్మంలోకి వచ్చాడు. ఇంకా చెమ్మగా, బరువుగా, బొత్తాలు మసిబారి ఉంది.

"లేవడం లేదమ్మాయ్. ట్రిప్పు నుంచి వచ్చి పడింది, అంతే. మా ముసలిది ఇస్త్రీ చేసింది. అయినా కదల్లేదు. మళ్ళీ డ్యూటీ ఇవాళేనట. హాజరు తప్పితే పేరు కొట్టేస్తారని స్టేషన్ మాస్టరు కబురు పెట్టాడు."

"కొట్టేయనీ. నేను ఎప్పుడో కొట్టేసుకున్నాను."

"నువ్వు కొట్టేసుకున్నావు, సరే. దీని గతేంటి? ఏడు నెలలు ఒక్క రోజూ మానలేదు. దీనికి ఎవరూ సెలవు ఇవ్వలేదు." తాత కోటుని బల్ల మీద పరిచాడు. "నీకు తిరిగి ఇవ్వడం లేదు నేను. చచ్చినవాళ్ళ మూటలోది వెనక్కి ఇవ్వకూడదు. ఇస్త్రీకి మాత్రం తెచ్చాను."

ఆయన వెళ్ళిపోయాక ఆమె చెయ్యి మడత కోసం వెతికింది. లేదు. ముసలమ్మ ఇస్త్రీలో కోటు చెయ్యి అప్పడంలా చదునైపోయింది. కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి ఏటవాలుగా పట్టుకుంటే అప్పుడు కనబడింది. ఏళ్ళ తరబడి ఇస్త్రీపెట్టె ఒకేచోట రాసుకుని ఉన్ని అరిగిపోయి, భుజం నుంచి మణికట్టు దాకా వెంట్రుకంత సన్నని నున్నటి గీత. ఎరెజెప్ మిగిల్చి పోయింది ఇదొక్కటే. మిగతాదంతా తనే మూటగట్టి ఇచ్చేసింది.

పాత దుప్పటి పరిచింది. ఇస్త్రీపెట్టె వేడెక్కింది. నోటినిండా నీళ్ళు పట్టింది. ఊదబోతే ఏడుపొచ్చి నీళ్ళు మెడ మీదికి కారిపోయాయి. మళ్ళీ పట్టింది. మళ్ళీ కారిపోయాయి. మూడోసారి ఫుర్రుమంది. ఆ చప్పుడు ఆ ఇంట్లో విని నాలుగు నెలలైంది. ఆమె కాసేపు అలాగే నిలబడి విన్నది.

ఆ గీత మీదే మడత దించాలని చూసింది. అలవాటు లేని పని. ఇస్త్రీపెట్టె ఎత్తి చూస్తే అతని గీత పక్కనే వేలి మందం దూరంలో ఇంకో మడత పడి ఉంది. ఇస్త్రీ చేసేవాడెవడూ చేయకూడని తప్పు. ఎరెజెప్ చూస్తే నెత్తి కొట్టుకునేవాడు.

బొత్తాలు తోమి, కోటుని మేకుకు తగిలించి ఎదురుగా కూర్చుంది. నాలుగు కొట్టింది. కోటు కదల్లేదు.

"లే," అంది.

లేవలేదు. నాలుగూ రెండు. నాలుగూ మూడు. దూరంగా సిగ్నల్ పడిన చప్పుడు వినిపించింది. ఏడు నెలలు తన బదులు నిలబడింది, ఇంక చేతకావడం లేదు దానికి. కుల్యాష్ లేచి, మేకు మీంచి తీసి, చేతులు దూర్చింది. కోటు వదులుగా ఉంది. తను సగమైపోయింది మరి. పైన పాత కోటు వేసుకోవాలన్న సంగతి నీళ్ళ ట్యాంకు దాటాక గుర్తొచ్చింది. వెనక్కి పోలేదు.

స్టేషన్ గేటు దగ్గర బైజాక్ తాత ఎదురయ్యాడు. ఆమె ఆగిపోయింది.

"తాతా, ఇది నీది. అడక్కుండా వేసుకున్నాను."

తాత గడ్డం గోక్కున్నాడు. "వెనక్కి ఇవ్వకూడదు గానీ, అరువు ఇవ్వొచ్చేమో. అరువు కూడదని ఎవరూ చెప్పగా వినలేదు. ఈ ట్రిప్పుకి తీసుకుపో. దిగగానే తెచ్చి నా మేకుకి తగిలించాలి."

ప్లాట్‌ఫాం మీద ఎండు చేపలమ్మే ఆడవాళ్ళు ముందు కోటుకి సలాం పెట్టారు. తర్వాత పైన మొహం ఉండటం చూసి ఇంకోసారి పెట్టారు. గార్డు టోపీ తాకాడు. తన కోటుకి ఇంత పరపతి ఉందని ఆమెకి తెలియదు. నడుం దానంతట అదే నిటారైంది.

బాల్‌జాన్ ఎనిమిదో బోగీ మెట్ల మీంచి చూసి నోరు తెరిచింది. అంతలోనే మూసి, కోటు చేతి వంక చూసింది.

"ఇదేం ఇస్త్రీయే? చేతి మీద రెండు గీతలేంటి, పట్టాలు వేశావా?"

"ఒకటి ఆయనది," అంది కుల్యాష్. "జోలికి రాకు."

మర్నాడు అల్మాటీ నుంచి తిరుగు ప్రయాణంలో ఓ చిన్న స్టేషన్లో గళ్ళ శాలువా ఆవిడ ఎక్కింది. తండ్రి ఊరి నుంచి వెళ్ళిపోతోంది. టికెట్టు చూపిస్తూ బొత్తాల్నీ, బిళ్ళనీ చూసింది, తర్వాత మొహం వంక చూసింది.

"పోయినసారి ఈ కోటే నా పక్కన కూర్చుంది. ఈ ఏడాది నా పక్కన కూర్చున్నది అదొక్కటే. పాపం మాట్లాడలేకపోయింది."

"దానికి నోరు లేదక్కా," అంది కుల్యాష్. పక్కన కూర్చుని ఆవిడ భుజం మీద చెయ్యి వేసింది. "మీ నాన్న మీద పడ్డ మట్టి పట్టులా మెత్తనవ్వాలి."

ఆవిడ ఈసారి పెద్దగా ఏడవలేదు. శాలువా కొంగుతో కళ్ళొత్తుకుని, కుల్యాష్ చేతి మీది రెండు గీతల్ని వేలితో తడిమింది.

"నీకెవరు పోయారమ్మా?"

"మా ఆయన. జూలైలో."

"ఏం పేరు?"

"ఎరెజెప్."

ఆవిడ రెండు చేతులా ఆమెని దగ్గరికి తీసుకుంది. "ఎరెజెప్ మీద పడ్డ మట్టి పట్టులా మెత్తనవ్వాలి," అంది.

నాలుగు నెలలకి ఆ మాట ఎదుటి మనిషి నోట్లోంచి, పేరుతో సహా విన్నది కుల్యాష్. అప్పుడు అతను నిజంగా పోయాడు. బండి వేగం తగ్గుతోంది. ఏదో స్టేషన్ వస్తోంది, తలుపు తీయాలి. ఆమె మొహం తుడుచుకుని జెండా తీసుకుని వెళ్ళింది.

సారికుదుక్‌లో దిగి నేరుగా బైజాక్ తాత ఇంటికి పోయి కోటు మేకుకి తగిలించింది. అది బుద్ధిగా వేలాడింది. ఆ తర్వాత ఎప్పుడూ తనంతట తాను నడవలేదు. కోటు లేని ఒంటికి చలి వేసింది. బయట వీధి, వీధి చివర ఇల్లు, ఇంట్లో ఖాళీ బల్ల. ఏదీ మారలేదు.

"మళ్ళీ ఎప్పుడు కావాలి?" అన్నాడు తాత.

"గురువారం."

"గురువారం దాకా ఉంటావుగా?"

కుల్యాష్ గుమ్మంలో ఆగింది. మేకు మీది కోటు చేతిని చూసింది.

"ఉండాలి తాతా," అంది. "దానికి ఇస్త్రీ చేయాలిగా."