డబ్బా మీద బొట్టు

పోర్టు జామ్ అయిందని విఘ్నేశ్వర్ మొదటిసారి చెప్తే దీప్తి నమ్మింది. రెండోసారి సరేలే అనుకున్నది. మూడోసారి, తను అడగకముందే చెప్పేసరికి డౌటొచ్చింది.

పాశమైలారంల వాళ్ల కంపెనీ బోరు పంపులు చేస్తది. తొలిసారి ఒక కంటెయినర్ నిండా కెన్యాకు పంపుతున్నరు. కంపెనీల దాన్ని అందరూ డబ్బా అనే అంటరు. పంపే పని దీప్తిది. షిప్పుల జాగా బుక్ చేసే ఏజెంట్ విఘ్నేశ్వర్, దీప్తికి చిన్నమ్మ కొడుకు. మా అన్న మంచోడు సార్ అని ఓనర్ రాజేశ్వర్ దగ్గరికి తీస్కొచ్చింది కూడా తనే. ఇప్పుడు ఈ షిప్పు తప్పితే ఆర్డర్ క్యాన్సిల్ అని కెన్యావాళ్లు మెయిల్ పెట్టిన్రు. ఆ రోజు నుంచి సార్ దీప్తిని పేరుపెట్టి పిలుస్తలేడు. "మీ అన్న ఏమంటుండు?" అని మాత్రం పొద్దుమాపు అడుగుతుండు. అన్నాచెల్లెలు కలిసి ఏదో చేస్తున్నరని ఆ అడుగుడులనే ఉంది. డబ్బా పోకపోతే తన నౌకరీ కూడా పోతదని దీప్తికి అర్థమైంది.

షిప్పులు ఏడున్నయో చూపించే యాప్ ఫోన్ల ఏసుకున్నది. బీటెక్ చదివినందుకు ఆ మాత్రం ఫాయిదా ఉండాలె కదా. చూస్తే జామ్ నిజమే. పోర్టు బయట షిప్పులు ముత్తంగి చౌరస్తాల ఆటోల లెక్క ఇరుక్కొని నిలవడ్డయి. వీళ్ల షిప్పు కూడా వాటిల్నే ఉంది, ఇంకా లోపలికే రాలే. అంటే అన్న చెప్పేది నిజం. మరి నిజాన్ని ఇన్నిసార్లు ఎందుకు చెప్తున్నట్టు?

ఇంకో ముచ్చట కూడా ఉంది. షిప్పులు లేటయ్యేకొద్దీ జాగాలకు గిరాకీ పెరిగింది. ఒకరి జాగా ఇంకొకరికి అమ్ముకునే ఏజెంట్లున్నరని క్యాంటీన్ల చాయ్ పోసేటాయనకు కూడా తెలుసు.

అన్నను డబ్బా ఫొటో ఒకటి పంపమన్నది. పోర్టుల తీయించిన అని పంపిండు. తలుపు మటుకే పడ్డది. నంబర్ కరెక్టే. బొట్టే లేదు.

డబ్బా కంపెనీ నుంచి బయల్దేరిన్నాడు సార్ వాళ్లమ్మ సావిత్రమ్మ కొబ్బరికాయ కొట్టి, తలుపుకు పసుపు రాసి కుంకుమ పెట్టింది. ట్రెయిలర్ మీద డబ్బా అంత ఎత్తున ఉంటే, పొట్టి మనిషి, చెయ్యి తలుపు కింది అంచుకే అందింది. డ్రైవర్ మొగులయ్య స్టూల్ తెస్తనంటే, దేవునికి కిందున్నా కనవడ్తదిలే అన్నది.

బొట్టేదన్నా అని ఫోన్ చేసి అడిగితే, వానకు కొట్టుకపోయిందన్నడు విఘ్నేశ్వర్. సావిత్రమ్మకు తెలిస్తే అపశకునమని సార్ ప్రాణం తీస్తదన్నది దీప్తి. జెరసేపటికి ఇంకో ఫొటో వచ్చింది. ముందుది సరిగ్గ పడలే, బొట్టు ఉన్నది చూడు అని కింద మెసేజ్.

ఉన్నది. తలుపు నట్టనడుమ, పెండ్లిపత్రిక మీది లక్ష్మీదేవికున్నంత గుండ్రంగ. నిచ్చెన ఎక్కితే తప్ప ఎవరికీ అందనంత పైన. ఏ ఫోన్‌ల అతికించిండో గానీ, బొట్టు ఎక్కడుండాలెనో అన్నకు తెల్వదు.

వాచ్‌మన్ దగ్గర మొగులయ్య నంబర్ తీస్కొని చేసింది.

"ఏడి పోర్టు మేడం? డబ్బా మన పక్కనున్న కంది ఊరే దాటలే. ధర్మకాంట ఎనక నిలవెట్టిన. మీ అన్ననే ఆపమన్నడు, మీకు ఎరికే అనుకున్న."

దీప్తి ఫోన్ పెట్టేసింది. సార్‌కు చెప్తే చిన్నమ్మ ఇంటి గడప తొక్కుడు బంద్. చెప్పకపోతే, సార్ అనుకుంటున్నది నిజమైతది. లేచి సార్ క్యాబిన్‌లకు పోయింది.

ఇద్దరూ కార్ల కంది పోయిన్రు. లారీలు తూకమేసే ధర్మకాంట ఎనక, దుమ్ముల, వాళ్ల డబ్బా. కింది అంచుకు, సగం చెదిరిన బొట్టు. దీప్తి స్పీకర్ పెట్టి ఫోన్ చేసింది.

"అన్నా, మా డబ్బా ఏడుంది?"

"చెప్పిన గదనే, పోర్టుల. మస్తు జామ్."

"నేను దాని పక్కనే నిలవడ్డ. ఈడ జామేం లేదు."

ఇగ సార్ ఫోన్ అందుకున్నడు. అరవలే. సాయంత్రం అసోసియేషన్ మీటింగ్ ఉందని, పాశమైలారం ఓనర్లంతా వస్తరని, నీ సంగతి మాట్లాడమంటవా అని మెల్లగ అడిగిండు. అప్పుడు విఘ్నేశ్వర్ ఒప్పుకున్నడు. పెద్ద పార్టీ అడిగితే వీళ్ల జాగా వాళ్లకిచ్చిండు, వీళ్లను ఎనక షిప్పుల ఎక్కిస్తే ఎవరికీ తెల్వదనుకున్నడు. పంపిన ఫొటో బొట్టు పెట్టకముందు తీసింది. సార్ ఫోన్ పెట్టకుండనే నిలవడ్డడు, పాత జాగా మళ్ల వీళ్ల పేరు మీదికి వచ్చేదాక.

మొగులయ్య బండి తీసిండు. బండి పోర్టుకు చేరేదాక దీప్తి ఆఫీసుల యాప్ చూస్తనే ఉన్నది. ఆ షిప్పు ఇంకా బయటనే ఉండాలని, జామ్ క్లియర్ కావద్దని జిందగీల మొదటిసారి మొక్కుకున్నది.

షిప్పు లోపలికి రాకముందే పోర్టు గేటు నుంచి మొగులయ్య వీడియో దీప్తి ఫోన్‌కు వచ్చింది. ముందు బొట్టు, తర్వాత నంబర్. సార్ రెండుసార్లు చూసి, పెద్దగ చేసి మళ్ల చూసి, ఇంకా నమ్మబుద్ధి కాక అమ్మకిచ్చిండు. సావిత్రమ్మ అద్దాలు పెట్టుకున్నది.

"నాదే. ఏలు వంకర కదరా, గట్లనే పడ్తది."

సార్ ఫోన్ తిరిగిచ్చిండు.

"దీప్తీ, కెన్యావాళ్లకు మెయిల్ పెట్టు."