నా మీద మొదట రాసిన పేరు

నేను ఒక నల్లబల్లను. పదకొండేళ్ళు బడిలో ఉన్నాను, అదీ రెండో తరగతిలోనే. పై తరగతికి నన్నెవరూ మోసుకుపోలేదు. కాబట్టి నాకొచ్చిన చదువల్లా అక్షరాలు, గుణింతాలు, పన్నెండో ఎక్కం దాకా లెక్కలు. అయితేనేం, జ్ఞాపకం మాత్రం దండిగా ఉంది. తుడిచేస్తే నా మీద రాసిందంతా పోతుందని మనుషులు అనుకుంటారు. వాళ్ళు తుడిచేది పైనున్న సుద్దనే. రాసేటప్పుడు చేతి బరువొకటి పడుతుంది చూడండి, అది లోపలికి దిగుతుంది. అలా దిగినవి ఎన్నో ఉన్నాయి. వాటిలో ఒక్క పేరు మాత్రం ఇప్పటికీ కలుక్కుమంటూనే ఉంటుంది.

మాది బొగ్గుబాయిల ఊరు. బాయి అంటే నీళ్ళ బావి అనుకునేరు, అక్కడ బొగ్గుగనినే బాయి అంటారు. గనిలో కప్పు కూలకుండా ఆనించడానికి దుంగలు వస్తాయి. వంకరగా ఉన్నాయని పక్కన పడేసిన నాలుగు దుంగల్ని కంపెనీ వడ్రంగి పలకలుగా కోసి, అతికించి, చిత్రిక పట్టాడు. గుంటగలగరాకు పసరులో బొగ్గుపొడి నూరి పూశారు. ఆ ఊళ్ళో బొగ్గుపొడికి కరువా? పూసిన చేతులు, పూయించుకున్న నేను, చూస్తున్న వాళ్ళు, అందరం ఒకే రంగు.

పదకొండో ఏట ఎండలకు నా నడుమ చీలిక పడింది. నా మీద బొమ్మ వేసిన ఏనుగు రెండు ముక్కలుగా కనబడుతోందని పంతులమ్మ విసుక్కుంటే, నన్ను దించి కార్మికుల క్లబ్బుకు పంపేశారు. అక్కడ నా మీద సినిమా వేళలు, క్యారమ్స్ ఆటల వరసలు, ఫలానా వాళ్ళ మేక తప్పిపోయిందన్న కబుర్లు రాసేవాళ్ళు. బడికన్నా అదే నాకు హాయిగా ఉండేది. ఎవరూ బెత్తంతో నన్ను కొట్టి ‘చూడండి పిల్లలూ’ అనేవారు కాదు.

ఫుట్‌బాల్ సంగతి ఇక్కడే మొదలవుతుంది. ఊళ్ళో నాలుగు బాయిలు. వానలు వెలిసాక నాలుగు బాయిల మధ్యా పోటీలు. మొదట్లో ఏ బాయి వాళ్ళు ఆ బాయికే ఆడేవాళ్ళు. మంచి ఆటగాళ్ళంతా నాలుగో బాయిలోనే ఉండడంతో ఏటా కప్పు వాళ్ళదే. మిగతా మూడు బాయిల వాళ్ళకూ చూసీ చూసీ విసుగొచ్చింది. చివరికి అందరూ కూర్చుని ఒక పద్ధతి పెట్టుకున్నారు. ఆడదలచినవాళ్ళంతా క్లబ్బుకు రావాలి. నాలుగు జట్ల సర్దార్లూ వంతులవారీగా ఒక్కొక్కరిని పిలుచుకోవాలి. కిందటేడు అడుగున ఉన్న జట్టుకు మొదటి పిలుపు, కప్పు కొట్టిన జట్టుకు ఆఖరి పిలుపు. అలా పన్నెండు చుట్లు, నలభై ఎనిమిది మంది. ఆ సమయానికి నా ముందు నిలబడి లేనివాణ్ణి పిలవకూడదు. ఎందుకంటే, ఒక ఏడు అత్తగారింటికి పోయినవాణ్ణి పిలుచుకున్నారు, వాడు ఆటలైపోయేదాకా తిరిగి రానేలేదు.

పేర్లు రాసేది కార్మికుల హాజరు వేసే టైమాఫీసు గుమాస్తా వెంకటాచారి. ఆయన దస్తూరి చూసి తీరాలి. ‘మ’ రాస్తే మల్లెమొగ్గే. బాయిలో దిగే ప్రతివాడికీ ఒక బిళ్ళ, ఆ బిళ్ళకొక నంబరు ఉంటాయి గదా, ఆ అలవాటు కొద్దీ ఆయన ఒక ఏడు ఆటగాళ్ళకు కూడా పిలుపు వరసనే నంబర్లు వేశాడు. అదే నంబరు బనీను వీపు మీద రంగుతో రాయించారు. గోలు ఎవరు కొట్టారో రాసుకోవడం సులువవుతుందని ఆయన ఉద్దేశం. మంచి ఉద్దేశమే. కానీ ఎన్నో పిలుపులో పిలిచారో ఆ ముక్క మనిషి వీపునెక్కి సీజనంతా ఊరేగుతుందని ఆయనకూ తోచలేదు, నాకూ తోచలేదు.

గజ్జెల మొగిలి రెండో బాయి మనిషి. బ్యాక్ ఆడేవాడు. గోలు కొట్టడం అతని పని కాదు, కొట్టనివ్వకపోవడమే అతని పని. ఎదుటివాడు బంతి తెస్తుంటే తొందరపడేవాడు కాదు. వాకిట్లో గింజలు తినడానికొచ్చిన కోడికి అడ్డం నిలబడినట్టు నెమ్మదిగా అటు జరిగి, ఇటు జరిగి, బంతి తీసుకుని తనవాళ్ళకు ఇచ్చేవాడు. అంతే. చప్పట్లు కొట్టించుకునే ఆట కాదది. మామూలుగా అయితే ఇరవయ్యో పిలుపులోనో, ముప్పయ్యో పిలుపులోనో అతని పేరు వచ్చేది.

ఆ ఏడు మొదటి పిలుపు రెండో బాయిది. దాని సర్దారు రాజనర్సు నెల రోజులుగా ఒక్క పేరే జపిస్తున్నాడు, జక్కుల పోశెట్టి. కిందటేడు పందొమ్మిది గోల్స్ కొట్టినవాడు. అయితే పిలుపులనాడు పొద్దున పోశెట్టి దిగిన బాయిలో తాడు తెగి, మనుషుల్ని పైకి తెచ్చే బండ్లు ఆగిపోయాయి. మొదటి షిఫ్టు వాళ్ళంతా నడుచుకుంటూ పైకి రావాల్సి వచ్చింది. క్లబ్బుకు అందరూ వచ్చారు, పోశెట్టి లేడు. రాజనర్సు గంటసేపు గుమ్మం వైపు చూశాడు. మిగతా సర్దార్లు ఊరుకోలేదు.

“పిలుస్తవా, మేం పిలువాల్నా?”

“ఆగుర్రి. వస్తుండట.”

“వస్తే వస్తడు. ముంగట నిలబడ్డోన్నే పిలువాలె. పద్ధతి మీరే పెడితిరి.”

రాజనర్సు ముఖం మాడిపోయింది. ఆ సమయానికి మొగిలి తడిగుడ్డతో నన్ను తుడుస్తున్నాడు. ముందురోజు సినిమా పేరు పూర్తిగా పోలేదని వెంకటాచారి పురమాయించాడు. రాజనర్సు మా దగ్గరికొచ్చి, గొంతు తగ్గించి అన్నాడు.

“పోశెట్టి లేనంక ఎవడైతేంది? గీ తుడిచేటోన్నే రాయుండ్రి సారూ.”

ఈ మాట విన్నది ముగ్గురం. గుమాస్తా, మొగిలి, నేను.

మొగిలి గుడ్డ పిండుకుంటూ ఆగిపోయాడు. “నన్ను ఆఖర్న రాయుండ్రి సారూ. నాది మొదటి పేరు కాదు,” అన్నాడు.

“వరస వరసే నాయనా,” అన్నాడు వెంకటాచారి. మొగిలి అప్పుడే తుడిచిన తడి మీద ఒకటి వేసి, పక్కన మల్లెమొగ్గలాంటి ‘మ’తో పేరు రాశాడు. తడి మీద రాసిన సుద్ద ఆరాక మరింత తెల్లగా కనబడుతుంది. ఆ పేరు గది చివరికి కూడా కనబడింది.

 ఆ తర్వాత మనుషులు తమకు అలవాటైన పని చేశారు, కారణం వెతుక్కున్నారు.

“రాజనర్సు ఊరికెనే పిలుస్తడా? ఏదో చూసిండు.”

“మా బాయి మీద ఒక్క గోలన్న పడ్డదా మొగిలి ఉండంగ?”

“కాలు చూడు, ఇనుప గడ్డపార లెక్కుంటది.”

పొద్దుటిదాకా ఆ కాలు ఎవరికీ కనబడలేదు. పొగడ్తలు వినగా వినగా రాజనర్సుక్కూడా తాను నిజంగానే ఏదో చూశానని నమ్మకం కుదిరింది. “నేను నిరుడే కనిపెట్టిన,” అన్నాడు మీసం సవరించుకుంటూ. మొగిలి అతని ముఖంలోకి చూశాడు. రాజనర్సు చూపు తిప్పుకున్నాడు.

అన్నీ అయిపోయి ఒక్క పిలుపే మిగిలినప్పుడు పోశెట్టి ఒంటినిండా బొగ్గుతో రొప్పుతూ వచ్చాడు. ఆఖరి పిలుపు కప్పు కొట్టిన నాలుగో బాయిది. వాళ్ళ సర్దారు నవ్వాపుకోలేక పిలిచాడు. చీలిక పక్కన, చోటు చాలక కాస్త ఇరుకుగా, నలభై ఎనిమిదో పేరు రాశారు.

ఆటల రోజుల్లో నన్ను మైదానానికి మోసుకుపోయి గోల్స్ రాయడానికి ఆనించి పెట్టేవాళ్ళు. అందుకని అంతా నా కళ్ళముందే జరిగింది. మొదటి ఆటలో మొగిలి బంతిని ముట్టుకుంటే చాలు, జనం లేచి నిలబడ్డారు. ఎప్పుడూ కొట్టేలాంటి ఒక మామూలు దెబ్బకు ఈలలు వేశారు. అతను సిగ్గుపడి తల వంచుకున్నాడు. రెండో ఆటలో ఈలలు తగ్గాయి. మూడో ఆటలో అడగడం మొదలుపెట్టారు.

“ఒకటీ, గోలేదిరా?”

“మొదటి పిలుపు మనిషివి, గోడ లెక్క నిలబడ్డవేంది?”

గోడలా నిలబడినందుకే రెండో బాయి మీద సీజనంతా కలిపి నాలుగే గోల్స్ పడ్డాయి. పడని గోల్స్ రాయడానికి నా మీద చోటు లేదు. ఎవరైనా కొడితేనే రాస్తారు, ఆపితే రాయరు. నా బతుక్కి అదొక్క లోటు.

పోశెట్టి సంగతి చూడండి. పందొమ్మిది గోల్స్ కొట్టినవాడని అందరూ మరిచేపోయారు. వీపు మీద నలభై ఎనిమిది చూసి, “ఆఖరోడు, అయినా ఎట్ల కొడ్తుండో చూడు,” అని మురిసిపోయారు. అతను గోలు తప్పితే, “ఆఖరోనికి గదే ఎక్కువ,” అన్నారు. మొగిలి కాలి పక్కనుంచి ఒక బంతి జారిపోయినప్పుడు మాత్రం ముసలివాళ్ళు కూడా నెత్తి కొట్టుకున్నారు. అదే ఊరు, అదే మైదానం, అవే కళ్ళు.

పాపం పోశెట్టి మంచివాడు. ఒకనాడు ఆట అయ్యాక నా పక్కనే కూర్చుని అన్నాడు. “బనీను మార్చుకుందాం రా మొగిలీ. నీది నాకియ్యి, తిట్లు నేను తింట.”

“నీకెవడు తిడ్తడురా, నువ్వు గోలు కొడ్తవు,” అని మొగిలి నవ్వాడు. ఆ ఏడు అతను నవ్వగా నేను చూసింది అదొక్కసారే.

అతని భార్య కనకమ్మ మైదానం అంచున ఉడికించిన పల్లికాయ అమ్మేది. కొనుక్కునేవాళ్ళు పల్లికాయతోపాటు ఒక మాట కూడా వదిలిపోయేవాళ్ళు. “మీ ఆయన ఇంట్లనన్న గోలు కొడ్తడా అక్కా?” ఆమె పొట్లం కట్టి చేతిలో పెట్టేది. మనిషికి ఆ ఆటంటే ఎంత ప్రాణమో ఆమెకొక్కదానికే తెలుసు. పొద్దంతా బాయిలో వంగి పనిచేసినవాడికి నిటారుగా నిలబడి గాలి పీల్చుకునేది ఆ గంటన్నరే. ఆ గంటన్నర కూడా వంగిపోతోందని ఆమెకు దిగులు.

ఆఖరి ఆట రెండో బాయికీ నాలుగో బాయికీ పడింది. ఎవరూ గోలు కొట్టకపోయినా చాలు, పాయింట్ల మీద కప్పు రెండో బాయిదే. మైదానంలోకి పోతున్న మొగిలిని కనకమ్మ ఆపింది. “ఎవలు ఏమన్ననీ, నీ జాగల నువ్వుండు,” అంది. అతను తల ఊపాడు.

గంట ఇరవై నిమిషాలు అతను తన చోటు కదలలేదు. పోశెట్టి నాలుగుసార్లు వచ్చాడు, నాలుగుసార్లూ బంతి వదిలి వెనక్కి పోయాడు. నా మీద ఇటు సున్న, అటు సున్న. ఇంకో పది నిమిషాలు గడిస్తే తొమ్మిదేళ్ళ తర్వాత రెండో బాయికి కప్పు. ఎవరైనా సంతోషంగా కూర్చుంటారనుకుంటాం. కానీ జనానికి కప్పు చేతికొచ్చినట్టే అనిపించగానే, ఒకటో నంబరు బాకీ గుర్తొచ్చింది.

“ముంగటికి పో ఒకటీ.”

“ఒక్కటన్న కొట్టి సావు.”

ముందు ఒక మూల మొదలైంది, తర్వాత మైదానం చుట్టూ పాకింది. “ఒకటీ, పో. ఒకటీ, పో.” తనవాళ్ళే, తన బాయివాళ్ళే. మొగిలి ఒకసారి రాజనర్సు వైపు చూశాడు. ఆగు, అక్కడే ఉండు అని ఒక్క సైగ చేస్తే చాలేది. రాజనర్సు మాత్రం తన ఎంపికే నిజమని రుజువయ్యే సమయం వచ్చిందనుకున్నాడో ఏమో, చెయ్యి ముందుకు ఊపాడు.

తర్వాతి బంతిని మొగిలి తనవాళ్ళకు ఇవ్వలేదు. తనే తీసుకుని పరుగెత్తాడు. అబ్బ, ఏం అరిచారు. ఇద్దరిని దాటాడు కూడా. మూడోవాడు బంతి తన్నేశాడు. అది మొగిలి ఖాళీ చేసిన చోట, పోశెట్టి ముందు పడింది. పోశెట్టి ఒక్క క్షణం ఆగాడు, ఒట్టేసి చెబుతున్నాను, ఆగాడు. కానీ ఆట ఆటే గదా. కొట్టాడు.

వెంకటాచారి వచ్చి నా మీద సున్న తుడిచి ఒకటి రాశాడు.  ఆ ఏడాది ఆయన రాసిన వంకర అంకె అదొక్కటే.

ఆట అయ్యాక పోశెట్టి కప్పు దగ్గరికి పోకుండా మొగిలి దగ్గరికొచ్చాడు.

“జాగ ఇడిసి ఎందుకొచ్చినవ్‌రా?”

“అందరు పిలిచిండ్రు గద,” అన్నాడు మొగిలి.

రాజనర్సు నా ముందు నిలబడి నలుగురికీ వినబడేలా, “మొదటి పిలుపు దండుగైంది,” అన్నాడు. వెంకటాచారి నోరు తెరిచాడు. పోశెట్టి రాలేదన్న ఉక్రోషంతో నువ్వే గదా రాయించావని అనబోయాడని నాకు తెలుసు. కానీ ఆ ఇద్దరూ రేపు మళ్ళీ టైమాఫీసులో ముఖాలు చూసుకోవాలి. నోరు మూసుకుని గుడ్డ తీసుకున్నాడు. నన్ను అంత గట్టిగా ఆయన ఎప్పుడూ తుడవలేదు.

మరుసటేడు ఆయన నంబర్లు వేయడం మానేశాడు, పేర్లే రాశాడు. జనం ఏం చేశారనుకున్నారు? పైనుంచి కిందికి వేలు పెట్టి లెక్కపెట్టుకున్నారు. వేలిముద్రలతో నా ముఖం మాసిపోయింది. ఆ ఏడు నలుగురు సర్దార్లూ మొగిలి కోసం చూశారు. గోడ లేకపోతే ఇల్లు ఎలా ఉంటుందో అప్పటికి తెలిసొచ్చింది మరి. అతను రాలేదు. ఆటల వేళకే పడేలా షిఫ్టు మార్పించుకున్నాడట. పోశెట్టి అతని ఇంటికి పోయి బతిమాలాడు. “సద్ది కట్టింది, బాయికి పోవాలె,” అని మొగిలి లేచి వెళ్ళాడట. మనిషి ఆటను వదిలేశాడు. ఎవరూ వదలమనలేదు, అదే చిత్రం.

ఏళ్ళు గడిచాయి. బొగ్గు అయిపోయి బాయిలు ఒక్కొక్కటే మూతపడ్డాయి. క్లబ్బు పడగొట్టినప్పుడు నన్ను పొయ్యిలోకి పోకుండా ఎవరో పుణ్యాత్ముడు కాపాడాడు. నాలుగు ఇటుక దిమ్మెల మీద పరిచి, మైదానం పక్కన కూర్చునే బల్లగా చేశాడు. ఇప్పుడు నా మీద కూర్చునే జనం ఆటగాళ్ళను తిడతారు. ఆ తిట్లు వెన్నులో మోగుతుంటే వింటూ పడి ఉంటాను. నా మీద పేరు రాసేటప్పుడు ఆ తడి ఆరకుండా ఉంటే బాగుండేదని, సుద్ద జారిపోతే బాగుండేదని అనుకుంటాను. చెక్కకు అంతకంటే ఏం చేతనవుతుంది?

కిందటి నెల ఒక సాయంత్రం మొగిలి వచ్చి కూర్చున్నాడు. జుట్టు నెరిసింది, బొగ్గు దుమ్ముకు దగ్గొస్తోంది. పక్కన పంక్చర్ల షాపతను. వేరే ఊరినుంచి వచ్చినవాడు, ఎవరేమిటో తెలియదు. మైదానంలో పొట్టి బ్యాక్ ఒకడు అటు జరిగి, ఇటు జరిగి, నెమ్మదిగా బంతి తీసుకున్నాడు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. మొగిలి మాత్రం “శభాష్,” అన్నాడు మెల్లగా.

“నువ్వు ఆడేటోనివా పెద్దనాయనా?” అడిగాడు షాపతను.

“ఆడిన. వెనుక ఉండేటోన్ని.”

“మంచిగ ఆడేటోనివా?”

మొగిలి దగ్గి, మూతి తుడుచుకున్నాడు. “ఏమో బిడ్డా,” అన్నాడు. “ఎవలు చెప్పలే.”

అప్పుడే బంతి గీత దాటి మా వైపు దొర్లుకుంటూ వచ్చింది. అతని కుడికాలు తన్నడానికి దానంతటదే వెనక్కి లేచి, మడమ నా అంచుకు తగిలి, ఆగిపోయింది. బంతిని షాపతను లేచి తన్నాడు.