ఖాళీ పళ్ళెం

అసర్ నమాజు వేళ దాటింది. అమ్మాన్‌లోని ఆ చిన్న ఆఫీసులో అందరి మొహాలూ వడలిపోయి ఉన్నాయి. రంజాన్ సగం గడిచింది, నోరెండిపోవడం సులాఫాకు కొత్తేమీ కాదు. ఆమె ప్రాణం తోడేస్తున్నది ఉపవాసం కాదు, సర్వర్.

వాళ్ళది మిఠాయిల ఆర్డర్లు తీసుకునే యాప్. ఇఫ్తార్‌కు ముందు ఊరు ఊరంతా ఖతాయెఫ్ అనే రంజాన్ మిఠాయి కోసం దాని మీద పడుతుంది. సరిగ్గా అప్పుడే అది పడకేస్తుంది. ఏ దుకాణంలో ఏముందో తెలియాలంటే యాప్ డేటాబేస్‌ను అడగాలి, అడగాలంటే కనెక్షన్ కావాలి. సిద్ధంగా ఉంచినవి కొన్నే. ఒకరు పని కానిచ్చుకుని వదిలితేనే ఇంకొకరికి దొరుకుతుంది. ఎవరు రాశారో గానీ, కోడ్‌లో ఎక్కడో తీసుకున్నది తిరిగివ్వడం లేదు. సాయంత్రానికి ఒక్కటీ మిగలదు. సులాఫా సర్వర్‌ను ఆపి మళ్ళీ మొదలుపెడుతుంది. కాసేపు నడిచి మళ్ళీ చతికిలబడుతుంది. రోజూ ఇదే గోల.

మేనేజరు నిజార్‌కు చెబితే, అక్కడి వాడుకలో కూతురి పేరు కలిపి పిలుస్తూ ఒకటే పాట. “పండగయ్యాక చూద్దాం ఉమ్ జుమానా. అందాకా ఆపి మొదలెట్టు, పోయేదేముంది?”

పోయేదేముందట! ఆయనకేం, ఉపవాసం విడిచే మగ్రిబ్ వేళకు ముందే కారెక్కి ఇంటికి చేరతాడు. ఇక్కడ ఈవిడ ఆఫీసు బల్ల దగ్గరే ఖర్జూరం నోట్లో వేసుకుని, ఇంటికెళ్ళేసరికి అందరూ తినేసి ఉంటే చల్లారిన సూప్ ఒక్కతే తాగాలి.

ఇవాళ అలా కుదరదు. ఎనిమిదేళ్ళ కూతురు జుమానా మొదటిసారి ఉపవాసం ఉంది. “అజాన్ అప్పుడు నా పక్కన కూర్చుంటావా అమ్మా?” అని తెల్లవారకముందే అడిగింది. సులాఫా మాటిచ్చింది.

ఇంతలో ఆ పిల్లే ఫోన్ చేసింది.

“అమ్మా, పక్కింటి ఉమ్ సఖ్ర్ ఆంటీ సంబూసాలు పంపింది. మూకుడుతో సహా!”

“మూకుడేంటే?”

“వాళ్ళింట్లో ఇంక పళ్ళేలు లేవంట. అన్నీ మన దగ్గరే ఉన్నాయిగా. ఇచ్చేసి రానా?”

“ఖాళీగానా? పరువు పోతుంది! నేనేదన్నా వండి నింపాక ఇద్దువుగాని.”

“నువ్వు వండేదెప్పుడు, ఇచ్చేదెప్పుడు? అలా పడున్నాయంతే.”

సులాఫాకు నవ్వొచ్చింది. ఫోన్ పెట్టేశాక ఆ నవ్వు మొహం మీదే ఆగిపోయింది. ఖాళీ పళ్ళెం తిరిగివ్వకూడదు!

గబగబా కోడ్ తెరిచింది. మీ పేటలో మిఠాయి ఉన్న దుకాణం దొరికిందా, వివరాలు చూపించి కనెక్షన్ తిరిగిచ్చేస్తోంది. దొరకలేదా, ‘క్షమించండి’ అని చెప్పి కనెక్షన్‌ను అలాగే పట్టుకు కూర్చుంటోంది. పొద్దుపోయేకొద్దీ దుకాణాల్లో సరుకు అయిపోతుంది, ఖాళీ జవాబులు పెరుగుతాయి. ఓరి దేవుడా, ఇన్ని రోజులూ తన ఇఫ్తార్ మింగేసింది ఇదా! ఆమెకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు.

జవాబు నిండుగా వచ్చినా ఖాళీగా వచ్చినా కనెక్షన్ తిరిగిచ్చేలా మార్చి, కారు తాళాలు తీసుకుంటున్న నిజార్ దగ్గరికి వెళ్ళింది.

“ఇప్పుడా? జనం ఎగబడే వేళ కోడ్ ముడతావా? మతుండే మాట్లాడుతున్నావా?”

“ముట్టకపోయినా కాసేపట్లో పడేదేగా ఉస్తాద్. రోజూలాగే ఆపి మొదలెడతాను, ఈసారి మార్చిన కోడ్‌తో. పోయేదేముంది?”

నిజార్ ఆమెను ఎగాదిగా చూశాడు. “తేడా వస్తే జవాబు నువ్వే చెప్పుకోవాలి.”

“రోజూ చెప్పుకుంటున్నది నేనేగా.”

ఆయన తాళాలు ఊపుకుంటూ వెళ్ళిపోయాడు. ఆమె సర్వర్‌ను మళ్ళీ మొదలుపెట్టింది. ఆర్డర్లు వెల్లువెత్తాయి. వాడుకలో ఉన్న కనెక్షన్ల గీత పైకి ఎగబాకింది, ఆగింది, దిగింది. మళ్ళీ ఎక్కింది, మళ్ళీ దిగింది. అప్పుడే లేచి పోవాల్సింది. కానీ దెబ్బలు తిన్న ప్రాణం కదా, ఎలా నమ్ముతుంది? ఇంకొక్క నిమిషం, ఇంకొక్క నిమిషం అనుకుంటూ కూర్చుండిపోయింది.

టాక్సీ దొరికేసరికి ఊరంతా ఇళ్ళకు పరుగులు తీస్తోంది. కార్ల మధ్య ఇరుక్కుని ఉండగానే అజాన్ వినిపించింది. డ్రైవరు తన డబ్బాలోంచి ఒక ఖర్జూరం ఇచ్చాడు. “తీసుకో చెల్లీ, ఏడవకు.” ఆమెకు నోట్లో పెట్టుకోబుద్ధి కాలేదు. గుప్పిట్లోనే పట్టుకుంది.

ఇంట్లో అడుగుపెడితే గడప దగ్గర పేరుకుపోయిన పళ్ళేలు లేవు. భర్త భోజనం ముగించి చేతులు కడుక్కుంటున్నాడు. జుమానా మాత్రం నీళ్ళ గ్లాసు ముందు పెట్టుకుని కూర్చుంది. గ్లాసు నిండుగా ఉంది, పిల్ల పెదవులు తెల్లగా ఎండిపోయి ఉన్నాయి.

“పళ్ళేలన్నీ ఇచ్చేశానమ్మా, ఖాళీగానే. తిట్టకు.”

“తిట్టను. అజాన్ ఎప్పుడో అయిపోయిందిగా తల్లీ, ఎందుకు తినలేదు?”

“నాన్న తినమన్నాడు. కానీ నువ్వు రోజూ ఒక్కదానివే తింటున్నావుగా.”

సులాఫా చెప్పులు కూడా విప్పకుండా కూతురి పక్కన నేల మీద కూలబడింది. గుప్పిట తెరిచి, చెమటకు మెత్తబడిన ఆ ఖర్జూరాన్ని రెండు ముక్కలు చేసింది.