సీటు ఎత్తు

"కాళ్లు దగ్గరికి పెట్టు, చీర చక్రంల పడ్తది." నాకు బడి ఉద్యోగం వచ్చినప్పటి నుంచీ పొద్దున్నే మా ఆయన నాతో అనే మొదటి మాట ఇదే. అంతకు ముందు నేను చేసిన పనులకు మాటలు లేవు. వాకిలి ఊడ్చి, రొట్టెలు చేసి, అత్త శంకరవ్వకు నీళ్లు కాగబెట్టి, తల దువ్వుకుంటూ ఉండగానే బయట సైకిలు గంట మోగుతుంది. ఉద్యోగం నాదైనా తొందర మాత్రం ఆయనది. చొప్పదండి దాటి బడి చేరేదాకా వెనక కూర్చున్న నాకు కనిపించేది ఆయన వీపే. మంచి వీపే, నేనెరగనిదా! ఎంత చెమట పట్టినా ఏనాడూ విసుక్కోలేదు. "నేనున్న గదా, నీకేం ఫికర్?" అంటాడు. ఆ మాటకు కరిగిపోయిన రోజులున్నాయి. సాయంత్రం ఆయన మగ్గం దిగడం ఆలస్యమై నేను అరుగు మీద ఒక్కదాన్నే మిగిలితే, పెద్ద పంతులు "మిమ్ముల ఇంక తీస్కపోలేదా?" అని నవ్వేవాడు, ఎవరో మరిచిపోయిన గొడుగు గురించి అడిగినట్టు.

పోయిన నెల ఆయన చలిజ్వరంతో పడుకుంటే నడిచి వెళ్లాను. ఇంట్లో సైకిలు గోడకు ఆనుకుని ఊరికే ఉంది. తొక్కడం నాకు రాక కాదు, చిన్నప్పుడు అన్న సైకిలు మీద నేర్చుకున్నాను. అత్తలా గోచి పెట్టి కడితే చీరా అడ్డం కాదు. సీటే, ఆయన ఎత్తున జంగు పట్టి బిగుసుకుపోయింది. నా అంతట నేను బడికి పోవాలని అప్పుడే గట్టిగా అనుకున్నాను.

ఆదివారం అడిగాను, సీటు దించమని.

"మొగోని సైకిలుకు ఆడిదాని ఎత్తా? ఊరు నవ్వదా మొండయ్యా?" అంది అత్త.

"అది దిగదవ్వా," అని నవ్వాడాయన. దిగదన్న ధైర్యంతోనే పానా తెచ్చాడు.

సీటు కింది బోల్టు తిప్పగానే విరిగింది. ముక్కను మేకుతో కొట్టి బయటికి తీశాడు. గాసునూనె పోసి, మేం తిని లేచేదాకా నాననిచ్చాం. తర్వాత రెండు చేతులా పట్టి గుంజితే సైకిలే లేచింది గానీ సీటు కదల్లేదు. నాకు నవ్వాగలేదు.

"గుంజితె ఎట్ల వస్తదయ్యా? గాజు తీసినట్టు జర తిప్పు."

"నువ్వు ఎన్క చక్రం పట్టు మరి."

చక్రాన్ని మోకాళ్ల మధ్య బిగించి పట్టాను. ఆయన అటూ ఇటూ తిప్పాడు. కిర్రుమంది. అత్త కూడా పీట జరుపుకుని దగ్గరికొచ్చి, "ఇంకింత నూనె పొయ్యి బిడ్డా" అంది. తుప్పు రాలి, సీటు సర్రున కిందికి జారింది. ముగ్గురం ఒక్కసారే కేకేశాం.

డబ్బాలో దొరికిన ఇంకో బోల్టు పెడుతూ ఆయన సీటును మళ్లీ సగందాకా లేపాడు.

"మద్యల పెడ్త. ఇద్దరికి సాగుతది."

ఎంత న్యాయంగా వినిపించిందో! ఈ వాడలో ఇంతమాట అనే మొగుడు ఎవరున్నారని ప్రేమ పొంగింది కూడా. ఆయన హ్యాండిల్ పట్టుకుంటే ఎక్కి కూర్చున్నాను. బొటనవేలైనా నేలకు తగల్లేదు.

"మద్యల పెడ్తె నీకు మోకాలు జర వంగుతది," అన్నాను. "నాకు నేలనే అందదు."

ఆయన నా పాదాల వంక చూశాడు. పానా నా చేతికిచ్చాడు. దిగి, సీటును నా ఎత్తుకు దించి, ఉన్న బలమంతా పెట్టి బిగించాను.