మా ఇంటి కాలేజీ పిల్ల

పెనం మీద పెసరట్టు తిరగేస్తుంటే అత్తయ్య వంటింటి గుమ్మంలో నిలబడి, "నీకేంటమ్మా పద్మప్రియా, కాలేజీ పిల్లవి. హాయిగా వెళ్ళి బెంచీ మీద కూర్చుని వస్తావు" అన్నారు. కోపంగా కాదు. ఆవిడ దేన్నీ కోపంగా అనరు. అప్పటికే నేను వాకిలి కడిగి, మామయ్యగారికి కాఫీ ఇచ్చి, మా అమ్మాయి శ్రీదుర్గకి జడలు వేసి, ఆయన క్యారేజీ సర్దేశాను. బయట మా ఉంగుటూరు ఇంకా మంచులోనే ఉంది. చేలూ కాలవగట్టూ కూడా కనిపించడం లేదు.

పెళ్ళితో ఆగిపోయిన డిగ్రీలో ముప్ఫై రెండేళ్ళ వయసులో మళ్ళీ చేరాను. ఈ ఏడాదితో అయిపోతుంది. చేరిన రోజు తాడేపల్లిగూడెం కాలేజీలో అటెండరు మర్యాదగా కుర్చీ చూపించి, "పాపని జాయిన్ చెయ్యడానికొచ్చారాండీ?" అని అడిగాడు. ఆ మాటకి మా ఆయన ఫణికిరణ్ నాకంటే ఎక్కువ నవ్వారు. ఆయన ఆఫీసులో అందరికీ "మా ఆవిణ్ణి చదివిస్తున్నానండీ" అని చెబుతారు. విన్నవాళ్ళంతా ఆయన్ని మెచ్చుకుంటారు. పుస్తకం ముందు పెట్టుకుని పప్పు ఉడికే వాసనలో చదివేది నేనే అయినా, ఆ వాక్యంలో చదువు ఆయన చేసే పని.

"కాలేజీ రోజులంటే అవే పద్మా" అంటారాయన, కళ్ళు అరమోడ్చి. "క్యాంటీన్లో కబుర్లు, మధ్యాహ్నం క్లాసు ఎగ్గొట్టి సినిమా, పరీక్షల ముందు కాస్త చదువు. మళ్ళీ రమ్మన్నా రావు." ఆయన అబద్ధం చెప్పడం లేదు. ఆయన కాలేజీ అలాగే గడిచింది. సినిమా చూసి ఇంటికొచ్చేసరికి అన్నం మీద మూతపెట్టి అత్తయ్య ఎదురుచూసేవారు. ఉతికిన చొక్కా దండెం మీద ఉండేది. అత్తయ్య మాత్రం ఆయన చెప్పే కాలేజీ కథల్లో ఎక్కడా కనిపించరు.

నా కాలేజీ బస్సులోనే మొదలవుతుంది. కిటికీకి తల ఆనించగానే కళ్ళు మూతలు పడతాయి. నిద్రకీ మెలకువకీ మధ్య నీళ్ళు నిండిన వరిచేలు కదులుతూ ఉంటాయి. ఒక్కోసారి ఆ నీళ్ళల్లో మా క్లాసు బెంచీలు తేలుతున్నట్టు, నేనొక్కదాన్నే చెప్పులు చేత్తో పట్టుకుని వాటి వైపు నడుస్తున్నట్టు ఉంటుంది. కండక్టరు "గూడెం, గూడెం" అని అరిస్తే ఉలిక్కిపడి లేస్తాను.

క్లాసులో నా పక్కన కూర్చునే దుర్గాభవానిది కొల్లేటికోట. సెలవు దొరికితే ఇంటికెళ్ళి చేపల చెరువు పనిలో దిగుతుంది. వెనక బెంచీ భాగ్యశ్రీది కామవరపుకోట. సాయంత్రం బట్టల కొట్టులో నిలబడి చీరలు మడతపెట్టి, ఆ తర్వాతే హాస్టల్‌కి వెళ్తుంది. మొదట్లో ఇద్దరూ నన్ను ఆంటీ అనేవాళ్ళు. ఇప్పుడు అక్కా అంటున్నారు. వాళ్ళు నవ్వరని కాదు. బస్టాపులో బస్సొచ్చేలోపు ఫోను గోడకి ఆనించి డాన్సులు చేస్తారు. అటుగా పోయేవాళ్ళు అది చూసి, "ఈ కాలేజీ పిల్లలకి వేరే పనేం ఉంటుందండీ" అనుకుంటూ వెళ్ళిపోతారు. కొట్టుకెళ్ళే బస్సు రాగానే భాగ్యశ్రీ ముఖం మారిపోవడం వాళ్ళకి కనిపించదు.

పోయిన శుక్రవారం మా జువాలజీ మేడం ఉమాకుమారి గారు మమ్మల్ని కొల్లేరు తీసుకెళ్ళారు. "షికార్లు కూడా చదువేనా?" అన్నారు అత్తయ్య. "పోనీలే అమ్మా, ఎంజాయ్ చెయ్యనీ" అన్నారు ఆయన, నాకు సెలవు మంజూరు చేస్తున్నట్టు.

పడవ కదిలాక మాటలు వాటంతటవే ఆగిపోయాయి. ఆకాశం ఎక్కడ అయిపోయిందో, నీళ్ళు ఎక్కడ మొదలయ్యాయో తెలియడం లేదు. దూరంగా చెట్ల మీద గూడబాతులు తెల్లగా, ఎవరో ఆరేసి మరిచిపోయిన బట్టల్లా ఉన్నాయి. ఆ పోలిక తట్టినందుకు నాకే నవ్వొచ్చింది. ఇంతలో ఒకటి రెక్కలు విప్పి లేచింది. అంత బరువైన పక్షి అంత తేలిగ్గా ఎగురుతుందని నేను అనుకోలేదు. దాన్నే చూస్తూ, ఎప్పుడు ఒరిగానో, దుర్గాభవాని భుజం మీద నిద్రపోయాను.

కలలో నన్ను ఎవరూ పిలవడం లేదు. అంతే కల. నీళ్ళు, వెలుతురు, ఎవరూ పిలవకపోవడం.

కళ్ళు తెరిచేసరికి పడవ వెనక్కి తిరిగింది. సిగ్గుతో సర్దుకుంటుంటే ఉమాకుమారి గారు, "లేపొద్దని నేనే చెప్పానండీ" అన్నారు. తర్వాత అందరి వైపూ చూసి, "పక్షులు గూళ్ళు కట్టే కాలం. వాటిని గమనిస్తూ రెండు నెలలు ఇంటర్న్‌షిప్. తెల్లారకముందే పడవెక్కాలి కాబట్టి ఇక్కడే ఉండాలి, ఆదివారాలు ఇంటికి వెళ్ళొచ్చు. ఎవరు చేస్తారు?" అని అడిగారు.

"మా ఇంట్లో ఉండొచ్చక్కా" అంది దుర్గాభవాని నా చెవిలో.

నేను చెయ్యెత్తాను. అత్తయ్య, మామయ్యగారు, క్యారేజీ, శ్రీదుర్గ జడలు, అన్నీ గుర్తొచ్చాయి. చెయ్యి మాత్రం దించలేదు.

సాయంత్రం ఇంట్లో చెప్పాను. మామయ్యగారు పేపరు మడిచి పక్కన పెట్టారు. "రెండు నెలలా!" అన్నారు అత్తయ్య. చీర కొంగుతో ముఖం తుడుచుకుంటూ నా వైపు చూశారు. "ఈ ఇల్లు వదిలి నేను ఏ ఊళ్ళోనూ అన్ని రోజులు లేను" అన్నారు. అది కోపమో, మరేమిటో నాకు తెలియలేదు.

శ్రీదుర్గ నా నడుము చుట్టూ చేతులు వేసింది. "ఆదివారం వస్తావుగా?" అంది. "వస్తాను. ఒక ఆదివారం నువ్వే అక్కడికి రా, పడవెక్కిస్తాను" అన్నాను.

ఫణికిరణ్ గారు కుర్చీలోంచి లేచారు. "నేను చదివిస్తున్నది ఇందుకా పద్మా? ఇంట్లో ఒక్క మాట లేకుండా, అసలు ఎవర్నడిగి చెయ్యెత్తావు?"

ఆయన వైపు చూశాను. నిజంగానే తెలియక అడుగుతున్నారు.

"క్లాసులో చెయ్యెత్తడానికి ఎవర్నీ అడగరండీ" అన్నాను.