బొటనవేలికి అందేంత

నేను ఒక చిన్న ఫోనును. పెద్దవాగు పొంగి మాదారం వంతెనను ఎత్తుకుపోయిన ఏడు నేను ఆ ఊరికి వచ్చాను. ఆ ఊళ్ళో ఏళ్ళకు అంకెలు వేయరు. వరదకు ముందు, వరద తర్వాత అని చెబుతారు. వంతెన పోయింది శ్రావణంలో. నేను వచ్చింది మాఘంలో.

పుట్టింది చెన్నపట్నానికి అవతల ఒక కార్ఖానాలో. నాకొక అన్న ఉన్నాడు. నాకంటే రెండేళ్ళు పెద్ద. గోడల మీద, బస్సుల వెనక ఆయన బొమ్మే. అరచెయ్యి దాటి ఉంటాడు. వీపు మీద మూడు కళ్ళు. ఆయనను కొన్నవాళ్ళు ఎక్కడ కూర్చుంటే అక్కడ బల్ల మీద పెట్టుకుంటారు, జేబులో పట్టడు కాబట్టి. జేబులో పట్టకపోవడం కూడా మనుషుల్లో ఒక గౌరవమే.

అందరూ ఆయనను కొన్నారు. కొన్నాక అందరూ ఒకటే మాట అన్నారు. మరీ పెద్దగా ఉంది, చిన్నదొకటి చేస్తే బాగుండు, ధర తగ్గిస్తే ఇంకా బాగుండు అన్నారు. కంపెనీవాళ్ళు ఆ మాట నమ్మారు. మనుషుల మాట నమ్మి చేసిన వస్తువును నేను.

మెదడు అన్నదే పెట్టారు. ఒళ్ళు తగ్గించారు. మూడు కళ్ళలో రెండు తీసేశారు. వీపుకు గాజు బదులు ప్లాస్టిక్కు అతికించారు. బ్యాటరీ కూడా చిన్నదే. ఇవేవీ నేను దాచను. దాచుకోవాల్సినంత తక్కువ నాలో ఏదీ లేదు.

జనగామ బస్టాండు ఎదురుగా ఉన్న ఫోన్ల దుకాణంలో నన్ను అన్న పక్కనే అద్దాల్లో పెట్టారు. చిన్నది కావాలన్న నోళ్ళే వచ్చి నన్ను చూశాయి.

"గిదేందే, ఉతికితే గుంజుకపోయిందా?" అన్నాడొకడు.

"సగం ధరకు ఇస్తుండ్రంటే పాణం గూడ సగమే ఉంటది," అన్నాడు ఇంకొకడు.

ఒకామె నన్ను చేతిలోకి తీసుకుంది. పిడికిట్లో ఒదిగాను. ఆమె ముఖం విచ్చుకుంది. వెంటనే అటూ ఇటూ చూసింది, ఎవరైనా చూస్తున్నారేమోనని. చూస్తున్నారు. నన్ను పెట్టేసి అన్నను కొనుక్కుపోయింది.

మొదట నన్ను కొన్నది ఒక బ్యాంకు గుమాస్తా. ఐదు రోజులు సంతోషంగానే ఉన్నాడు. ఆరో రోజు ఆయన బామ్మర్ది భోజనానికి వచ్చి, అన్నను విస్తరి పక్కన పెట్టి, "బావా, నీది పిల్లల ఆటబొమ్మా?" అన్నాడు. సాయంత్రానికి నేను మళ్ళీ దుకాణంలో ఉన్నాను. నచ్చకపోతే ఏడు రోజుల్లో వాపసు తెచ్చుకోవచ్చని ఆ దుకాణం కట్టుబాటు. నాలో ఏ లోపమూ లేదు. లోపం బామ్మర్దిలో ఉంది. కానీ వాపసు వచ్చింది నేను.

"ఇంకోసారి గిట్ల వస్తే ఇప్పి పార్టులకు తోలుడే," అన్నాడు దుకాణదారు నన్ను తుడుస్తూ.

ఆ వారంలోనే ఉప్పలయ్య వచ్చాడు.

అరవై దాటిన మనిషి. మోకాళ్ళ పైకి కట్టిన పంచె. రొమ్ము మీద, ముంజేతుల లోపలి వైపు చర్మం నల్లగా కాయలు కాసి ఉంది. దుకాణదారు అన్నను తీసి చేతిలో పెట్టి, ఆయన గొప్పలన్నీ చెప్పాడు. ఉప్పలయ్య అంతా విన్నాడు. తర్వాత లేచి దుకాణం మధ్యలో ఉన్న స్తంభం దగ్గరికి పోయాడు. ఎడమ చేత్తో స్తంభాన్ని గట్టిగా కావలించుకున్నాడు. కుడి చేత అన్నను పట్టుకుని, ఆ చేతి బొటనవేలితోనే నాలుగు మూలలూ తాకాలని చూశాడు. రెండు మూలలు అందాయి. మూడోదానికి చెయ్యి జరిపేసరికి అన్న జారాడు. దుకాణదారు దూకి పట్టుకున్నాడు.

"పెద్దయ్యా, కంబాన్ని కావలించుకుంటే ధర తగ్గియ్యరు!"

దుకాణమంతా నవ్వింది. ఉప్పలయ్య నా వైపు వేలు చూపించాడు. నన్ను పట్టుకుని మళ్ళీ స్తంభాన్ని కావలించుకున్నాడు. బొటనవేలు కింది మూలకు పోయింది. పక్క మూలకు పోయింది. పైమూలకు పోయింది. చిట్టచివరి మూలకు కూడా పోయింది. చెయ్యి కదలలేదు.

"ఇది," అన్నాడు.

ఆ రోజు ఆయన మాట్లాడింది అంతే.

ఆ స్తంభం సంగతి నాకు ఊరు వచ్చాక తెలిసింది. ఉప్పలయ్య కల్లుగీత మనిషి. వాగు అవతల తాటివనంలో నలభై చెట్లు ఆయనవి. ఒక్కో చెట్టుకు ఒక్కో పేరు. పక్క చెట్లు సోమయ్యవి. ఇద్దరూ బావా బామ్మర్దులు, ముప్పై ఏళ్ళు పక్కపక్కన ఎక్కారు. చెట్టు కొసకు చేరగానే ఒకరు కూత పెడితే రెండోవారు పలకాలి. పలికితే క్షేమం. పలకకపోతే దిగి పరుగెత్తాలి. అదే వాళ్ళ పద్ధతి.

వంతెన పోయాక వనంలోకి మనిషి రాక తగ్గింది. కల్లుకు వచ్చేవాళ్ళు వాగు ఇవతలే ఆగిపోయారు. కార్తీకంలో ఒక రోజు ఉప్పలయ్యకు జ్వరం వచ్చి, సోమయ్య ఒక్కడే పోయాడు. చెట్టు మీద పట్టు తప్పి తలకిందులయ్యాడు. నడుమును చెట్టుకు చుట్టి ఉంచే మోకుతాడు ఒక్కటే పట్టి ఉంచింది. ఆయన జేబులోనూ మా అన్నే ఉన్నాడు. జేబులోంచి సగం బయటికే ఉండేవాడు కాబట్టి నేరుగా కిందపడ్డాడు. పగల్లేదు. ఆ మాట మా వంశానికి గౌరవమే. చెట్టు మొదట్లో పడి మోగుతూనే ఉన్నాడు. మధ్యాహ్నం దాకా సోమయ్య పైనుంచి వింటూనే ఉన్నాడు. బతికి దిగాడు కానీ కుడి కాలు పడిపోయి మంచం పట్టాడు.

"నా ఫోను నాకన్నా ముందుగాల దిగింది," అని సోమయ్య వచ్చినవాళ్ళందరికీ చెప్పి నవ్విస్తాడు. ఉప్పలయ్య మాత్రం ఒక్కసారి కూడా నవ్వలేదు.

అందుకే స్తంభం. ఒక చెయ్యి చెట్టుకే కావాలి. మిగిలింది ఒక్క చెయ్యి, ఆ చేతికి ఒక్క బొటనవేలు.

ఆయన భార్య పూలమ్మకు నేను నచ్చలేదు.

"మన బిడ్డ స్వరూప పెద్దది కొనుమని చెప్పలేదా? వీడియోల దాని మొఖం చూద్దామంటే గిందుల గింజంత కనవడ్తది. నువ్వు జేబుల పెట్టుకోను తెచ్చుకున్నవా, మేము చూసుకోను తెచ్చినవా?"

ఉప్పలయ్య నన్ను కత్తులు పెట్టుకునే తోలుసంచిలో పెట్టి చూసుకుంటున్నాడు. సరిగ్గా రెండు కత్తుల మధ్య పట్టాను. పూలమ్మ అది చూసింది. గొంతు మారింది.

"మళ్ళ చెట్టెక్కనీకేనా ఇది? సోమన్నను చూసినంక గూడ బుద్ధి రాలె. ఇగో, చెప్తున్న. ఏడు దినాల లోపల వాపసిచ్చి పెద్దది తే, ఇంట్ల పెట్టు. నువ్వు చెట్లెక్కుడు ఇడిసిపెడ్తే ఈ చిన్నదానితోటి పనే లేదు."

బిల్లు కాగితాన్ని పసుపు డబ్బా కింద పెట్టింది. నా రోజులు ఆ డబ్బా కింద ఉన్నాయి. ఆయన చెట్లు కూడా అక్కడే ఉన్నాయి. కల్లు కారే గెలను రోజూ కత్తితో గియ్యాలి; మానేస్తే ఆ ఏటికి చెట్టులో కల్లు ఎండిపోతుంది. నలభై చెట్లూ ఆయన ఒక్క చేతి మీద ఆధారపడి ఉన్నాయి.

కల్లు కాంపౌండులో నన్ను చేతులు మార్చారు. ఇంత మంది పరీక్ష చేసేవాళ్ళు మా కార్ఖానాలో కూడా లేరు.

"ఒంటికన్నుదిరా ఇది."

"బ్యాటరీ పొద్దుమీకేదాకా నిలవడదు సూడు."

"ఎడ్లబండికి సైకిల్ చక్రం పెట్టినట్టుంది."

గీత సంఘం అధ్యక్షుడు శ్రీశైలం తన దగ్గరున్న అన్నను తీసి నా పక్కన పెట్టాడు. పక్కపక్కన పెట్టగానే తీర్పు అయిపోతుందని మనుషుల నమ్మకం.

"మామా, ఇజ్జత్ పోతది. రేపే పొయ్యి మార్చుకరా. నేను గూడ వస్త," అన్నాడు.

ఉప్పలయ్య నన్ను తీసుకుని పంచె కొసతో తుడిచి సంచిలో పెట్టుకున్నాడు. శ్రీశైలం ఆ మౌనాన్ని ఒప్పుకోవడం అనుకున్నాడు. మౌనంగా ఉండే మనిషి గురించి అందరూ తమకు తోచిందే అనుకుంటారు.

ఐదు రోజులు నేను రోజుకు రెండుసార్లు చెట్లెక్కాను. అన్న నిలవని ఎత్తు అది. అంత పైనుంచి వాగు ఒక దారంలా ఉంటుంది.

ఆరో రోజు పొద్దున ఉప్పలయ్య గూనిది ఎక్కాడు. అది వంగి పెరిగిన చెట్టు, అందుకే ఆ పేరు. కొసకు చేరాడు. గెల మీద కత్తి పెట్టేలోపే కాళ్ళకున్న గుజి తెగింది. పాదాలను చెట్టుకు పట్టించేది ఆ తాడే. కాళ్ళు జారాయి. రొమ్ము బెరడుకు గీరుకుంటూ మూరెడు దిగి, మోకు బిగిసి ఆగాడు. కాళ్ళకు ఆధారం లేదు. పైకి పోలేడు, కిందికి రాలేడు. ఎడమ చెయ్యి చెట్టును కరిచి పట్టింది.

కుడి చెయ్యి సంచిలోకి వచ్చింది. కత్తులను తప్పించి నన్ను పట్టుకుంది. నేను జారలేదు. సోమయ్య పేరు పైన ఎడమ మూలన ఉంది. దుకాణంలో చిట్టచివర తాకిన మూల అదే. బొటనవేలు అక్కడికి పోయింది.

"ఏం బావా, పొద్దుగాల్నే? నేనింక మొఖం గూడ కడగలె. రాత్రంత ఒకటే కాలు గుంజుడు. మా ఆడది చాయి..."

"గూనిది," అన్నాడు ఉప్పలయ్య.

సోమయ్య చాయి మాట అక్కడే వదిలేశాడు.

"గుజి తెగిందా?"

"ఊఁ."

"మోకు?"

"ఉన్నది."

"ఫోను పెట్టకు. గట్టిగ మోగే బటన్ నొక్కి సంచిల ఏసుకో. రెండు చేతులు చెట్టుకు పెట్టు. నేను మాట్లాడుతనే ఉంట." తర్వాత ఇంటి లోపలికి కేక వేశాడు. ఎవరో వీధిలోకి పరుగెత్తిన చప్పుడు నాకు వినబడింది.

ఆ స్పీకరు బటన్ ఇంకో మూలన ఉంది. అది కూడా అందింది.

ఊరి నుంచి వాగు దాటి వనానికి రావాలంటే ముప్పావు గంట. అంతసేపూ సోమయ్య నోరు ఆగలేదు. నలభై చెట్ల పేర్లు వరసగా చెప్పాడు. ఉప్పలయ్య పెళ్ళిలో పప్పు మాడిన సంగతి చెప్పాడు. నా బ్యాటరీ సగానికి వచ్చింది, ఇంకా కిందికి దిగింది. చిన్నదన్నారు, నిజమే. చిన్నదాన్ని కాబట్టే ఒక్క చుక్క కూడా పారబోయకుండా వాడాను.

కొంతసేపటికి సోమయ్య గొంతు తగ్గింది.

"ఆ దినం నా ఫోను కింద మోగుతుంటే నేను లెక్కబెట్టిన బావా. పదకొండుసార్లు మోగింది. మా ఆడది చేసింది. పన్నెండోసారి మోగలె. అప్పుడనుకున్న, అది గూడ నన్ను ఇడిసిపెట్టిందని. ఎవ్వలకు చెప్పలె ఈ ముచ్చట." ఊపిరి పీల్చుకున్నాడు. "ఉన్నవా బావా?"

ఉప్పలయ్య చెంప చెట్టుకు ఆనించి ఉంది. సంచి మూతిలోంచి నాకు ఆయన చేతుల నెత్తురు కనిపించింది.

"ఇంటున్న," అన్నాడు.

శ్రీశైలం వాళ్ళు వచ్చారు. వెనకే పూలమ్మ, మోకాళ్ళ దాకా తడిసి. శ్రీశైలం మోకు బిగించుకుని, చెట్టు మీద చెయ్యి వేసి, ఆగాడు. జేబులోంచి మా అన్నను తీశాడు.

"అత్తా, దీన్ని పట్టుకో. పైన నిలవడదు," అన్నాడు.

పూలమ్మ అన్నను కొంగులో పట్టుకుని నిలబడింది. శ్రీశైలం ఎక్కి, ఉప్పలయ్య పాదాలకు కొత్త గుజి తొడిగాడు. ఇద్దరూ ఒకరి కింద ఒకరు దిగారు. నేల మీద కాలు పెట్టగానే ఉప్పలయ్య మొదట సంచిలో చూసుకున్నాడు, నేనున్నానా అని. నాలో నాలుగు పాళ్ళు మిగిలి ఉన్నాయి, నూటికి.

సాయంత్రం కాంపౌండులో నన్ను మళ్ళీ చేతులు మార్చారు.

"బ్యాటరీ అంటే గిట్లుండాలె!"

"కెమెరా గూడ పెద్దదానికన్న సాఫ్ వస్తది, నేను అప్పుడే చెప్పిన."

అప్పుడే చెప్పింది ఒంటికన్ను అని. పొద్దున లేని రెండు కళ్ళు సాయంత్రానికి నాకెక్కడివో తెలియదు. శ్రీశైలం నన్ను తిప్పి తిప్పి చూసి, "మామా, గిసొంటివి సంఘానికి ఓ పది తెప్పిద్దామా?" అన్నాడు. నేను నిన్నటి ఫోనునే. వాళ్ళ మనసే ఒక చుట్టు తిరిగి వచ్చింది. నాకు కోపం లేదు. పొగడ్త నిలవదని వాపసు వచ్చిన రోజే నేర్చుకున్నాను. పనికి వచ్చింది నిలుస్తుంది.

చేతులకు పసుపు పూసి కట్టు కట్టింది పూలమ్మ. ఆమె అడిగేది ఏమిటో ఇద్దరికీ తెలుసు. మర్నాడు ఏడో రోజు.

మర్నాడు పొద్దున ఉప్పలయ్య చీకటి విడవకముందే లేచాడు. వాకిట్లో కూర్చుని కొత్త గుజి పేనాడు. కట్టు కట్టిన చేతులతో రెండుసార్లు లాగి చూశాడు. పూలమ్మ పొయ్యి దగ్గరికి పోయింది. పసుపు డబ్బా ఎత్తింది. బిల్లు కాగితాన్ని మడిచి, అగ్గిపుల్ల గీసి, దాంతోనే పొయ్యి అంటించింది. తర్వాత ఒక గట్టి దారం తెచ్చి ఒక కొస నాకు, ఒక కొస తోలుసంచికి ముడి వేసింది. ముడి మీద ముడి వేసింది.

ఆయన వాగు దాటాడు. వేరే చెట్టేదీ చూడకుండా నేరుగా గూనిదాని దగ్గరికే పోయి ఎక్కాడు. కొసకు చేరి, ఎడమ చేత్తో చెట్టును కావలించుకుని, నన్ను తీసి, బొటనవేలిని పైమూలకు పోనిచ్చాడు.

"బావా, ఎక్కినవా?" అన్నాడు సోమయ్య.

ఉప్పలయ్య నన్ను నోటి దగ్గర పెట్టుకుని, కార్తీకం నుంచి ఆ వనంలో ఎవరూ పెట్టని కూత పెట్టాడు.

మంచం మీద నుంచి సోమయ్య పలికాడు.

ఉప్పలయ్య నన్ను సంచిలో వేసి, గెల మీద కత్తి పెట్టాడు.